ఆరు గంటల తర్వాత ఎటు నడవాలి? – పూజ్య మాట్ టాల్బట్ జీవితం

తపస్సు కాలంలోనో, ధ్యాన కూటాల చివరి రోజునో పీఠం ముందు మోకరించి, ఇక తాగనని ప్రమాణం చేసినవారిని మీరు చూసే ఉంటారు. మీ ఇంట్లోనే అలాంటివారు ఒకరు ఉండవచ్చు. ఆ రోజు ఇంట్లో పండుగ. భార్య కళ్ళు తుడుచుకుంటుంది. పిల్లలు భయం లేకుండా తండ్రి పక్కన కూర్చుని అన్నం తింటారు. వారం గడుస్తుంది. ఒక సాయంత్రం ఆరు గంటలకు ఆ మనిషి పని ముగించుకుని బయటికి వస్తాడు. రోజూ దుకాణం వైపు తిరిగే కాళ్ళు ఇప్పుడు ఎటు తిరగాలి? నిద్ర పట్టేదాకా ఉన్న నాలుగు గంటలు ఎలా గడవాలి? చేతులు వణుకుతుంటే, నోరు ఎండిపోతుంటే, మనసు పీకుతుంటే ఏం చెయ్యాలి? ప్రమాణం చేయించేవారు చాలామంది ఈ సంగతి చెప్పరు. ఎన్నో ప్రమాణాలు ఆ నాలుగు గంటల్లోనే విరిగిపోతాయి.

ఆ నాలుగు గంటలను గెలిచిన ఒక కూలివాని జీవితం ఈ వారం తెలుసుకుందాం. ఆయన పేరు మాట్ టాల్బట్. మాట్ అంటే మాథ్యూ, మన భాషలో మత్తయి. ఐర్లండు రాజధాని డబ్లిన్ ఆయన ఊరు. ఆయన గురువు కాదు, సన్యాసి కాదు, చదువుకున్నవాడు అసలే కాదు. అయినా తాగుడు నుండి బయటపడాలనుకునేవారు ప్రపంచమంతటా ఈనాటికీ ఆయన పేరు తలచుకుని ప్రార్థిస్తారు.

పన్నెండేళ్ళకే పట్టిన వ్యసనం

మాట్ 1856 మే 2న ఒక పేద కుటుంబంలో పుట్టాడు. తండ్రి చార్లెస్, తల్లి ఎలిజబెత్. పన్నెండుమంది సంతానంలో మాట్ రెండవవాడు. తండ్రికి తాగుడు ఉండేది, అన్నదమ్ముల్లో చాలామందికీ అదే అలవాటయింది. మాట్ బడికి వెళ్ళింది కొద్దికాలమే. 12 ఏళ్ళకే చదువు ఆపి పనిలో చేరాడు. ఆ పని దొరికింది మద్యం సీసాల్లో నింపి అమ్మే వ్యాపారి దగ్గర. చేతికి అందేంత దూరంలో సీసాలు, వద్దని చెప్పేవారు లేరు. కొద్దికాలానికే పసివాడు తూలుతూ ఇంటికి రావడం మొదలయింది. తండ్రి కొట్టాడు. చివరికి తన కళ్ళముందు ఉంటే బాగుపడతాడని తాను పనిచేసే రేవు గిడ్డంగుల్లోకి మార్పించాడు. అయితే ఆ గిడ్డంగుల్లో ఉన్నవి విస్కీ పీపాలు! కుర్రవాడికి ఇప్పుడు విస్కీ కూడా అలవాటయింది.

తర్వాత మాట్ ఇళ్ళు కట్టే కంట్రాక్టరు దగ్గర తాపీమేస్త్రీలకు కూలీగా చేరాడు. ఇటుకలు, సున్నం భుజాన వేసుకుని నిచ్చెనలు ఎక్కడం ఆయన పని. మంచి పనివాడని పేరు తెచ్చుకున్నాడు. కాని శనివారం చేతికి వచ్చిన కూలి ఇంటికి చేరేది కాదు. డబ్బు అయిపోతే అప్పు చేసేవాడు. అప్పు పుట్టకపోతే కాళ్ళకున్న బూట్లు వదిలించుకుని, ఉత్త కాళ్ళతో ఇంటికి వచ్చేవాడు. ఒకసారి వీధుల్లో ఫిడేలు వాయించి పొట్ట పోసుకునే ఒక పేదవాని ఫిడేలును స్నేహితులతో కలిసి దొంగిలించి, దాన్ని అమ్మి తాగాడు. ఈ ఫిడేలు సంగతి గుర్తుంచుకోండి.

ఇక్కడ మీరు ఒక విషయం గమనించాలి. ఒళ్ళు వంచి పనిచేసేవాడికి తాగుడు అంటదని, ఖాళీగా ఉన్నవాడే చెడిపోతాడని మనలో కొందరు అనుకుంటారు. మాట్ రోజంతా ఒళ్ళు హూనమయ్యేలా పనిచేశాడు, అయినా 16 ఏళ్ళు తాగాడు. శ్రమ చేసే శరీరం నొప్పి మరచిపోవడానికే గ్లాసును వెతుక్కుంటుంది. మన ఊళ్ళలో హమాలీలను, రిక్షా లాగినవారిని, రాళ్ళు కొట్టేవారిని అడిగి చూడండి. కాబట్టి చెమట ఒక్కటే మందు కాదు. మాట్ జీవితంలో తర్వాత మారింది పగటి పని కాదు, పని తర్వాతి సమయం.

ఆ శనివారం

1884లో మాట్ వయసు 28 ఏళ్ళు. ఒక వారం పనికి పోలేదు. చేతిలో చిల్లిగవ్వ లేదు. శనివారం మధ్యాహ్నం కూలి డబ్బులు తీసుకుని వచ్చే స్నేహితుల కోసం దారిలో నిలబడ్డాడు. తన దగ్గర డబ్బున్నప్పుడు వాళ్ళందరికీ తాగించినవాడే. ఈ రోజు ఎవరో ఒకరు రమ్మంటారని ఆశ. ఒక్కొక్కరే వచ్చారు, పలకరించారు, ముందుకు పోయారు. లోపలికి రమ్మని ఒక్కరూ పిలవలేదు.

ఆ అవమానం మాట్ గుండెకు తగిలింది. ఇంటికి నడిచాడు. కొడుకు మత్తు లేకుండా, అంత పెందరాళే ఇంటికి రావడం చూసి తల్లి ఆశ్చర్యపోయింది. భోజనం చేశాక, తాగనని ప్రమాణం చేయబోతున్నానని ఆమెకు చెప్పాడు. దేవుని పేరట వెళ్ళమని, అయితే నిలబెట్టుకునే ఉద్దేశం లేకపోతే ప్రమాణం చేయవద్దని ఆమె అన్నది. ఆ తల్లి మాటలో ఎంత అనుభవం ఉందో చూడండి. మాట్ క్లాన్‌లిఫ్‌లోని గురువిద్యాలయానికి వెళ్ళి, పాపసంకీర్తనం చేసి, ఒక గురువు ముందు మూడు నెలలపాటు తాగనని ప్రమాణం చేశాడు. మరునాడు ఆదివారం దివ్య సత్ప్రసాదం స్వీకరించాడు.

ఆయన జీవితాంతానికి ఒక్కసారే మాట ఇవ్వలేదు. మొదట మూడు నెలలకే ఇచ్చాడు. ఆ మూడు నెలలూ నరకంగానే గడిచాయి. గడువు తీరగానే మళ్ళీ తాగుతానని తల్లితో అనేవాడట. గడువు తీరాక మళ్ళీ పొడిగించాడు, చివరికి జీవితాంతానికి ప్రమాణం చేశాడు.

కాళ్ళకు కొత్త దారి

ఆ మూడు నెలల్లో ఆయన ఏం చేశాడు? నడిచాడు. పని ముగియగానే పాత స్నేహితులు ఎదురుపడే వీధులు తప్పించి, దూరంగా ఉన్న ఏదో ఒక దేవాలయానికి నడిచి వెళ్ళేవాడు. అక్కడ తలుపులు మూసేదాకా కూర్చునేవాడు. మళ్ళీ ఇంటికి నడక. డబ్లిన్‌లో దేవాలయాలు చాలా ఉన్నాయి. ఒకదాని నుండి ఇంకొకదానికి వెళ్ళడం ఆయనకు అలవాటయింది. ఉదయం గార్డినర్ వీధిలో ఉన్న యేసుసభ వారి పునీత ఫ్రాన్సిస్ శౌరి దేవాలయంలో 5 గంటల పూజకు వెళ్ళి, అక్కడి నుండి పనికి పోయేవాడు. తెల్లవారుజామున పూజకు లేవాలంటే రాత్రి పెందరాళే పడుకోవాలి. పెందరాళే పడుకోవాలంటే సాయంత్రం శరీరం హాయిగా అలసిపోవాలి. ఈ విధంగా రోజుకు ఒక కట్టుబాటు వచ్చింది.

ఒకరోజు మాట్ ఓడిపోయేవాడే. దారిలో ఒక మద్యం దుకాణంలోకి అడుగు పెట్టాడు. లోపల రద్దీగా ఉంది. కౌంటరు దగ్గర నిలబడ్డాడు. అమ్మేవాడు తెలిసినవాళ్ళకు పోస్తున్నాడు తప్ప ఈయన వైపు చూడలేదు. కాసేపు చూసి మాట్ బయటికి వచ్చేశాడు. నేరుగా దేవాలయానికి వెళ్ళి రాత్రి దాకా ఉండిపోయాడు. ఆ రోజు నుండి జేబులో డబ్బు పెట్టుకుని బయటికి వెళ్ళకూడదని నిర్ణయించుకున్నాడు. తన బలహీనత తనకు తెలుసు కనుక, కోరిక వచ్చిన నిమిషంలో తన దగ్గర పైసా లేకుండా ముందే చూసుకున్నాడు.

నేటి వైద్యులు చెప్పేది వింటే మాట్ నడక అర్థమవుతుంది. తాగాలనే కోరిక ఒక అలలా వస్తుంది. పెరుగుతుంది, చాలాసార్లు అరగంటలోపే తగ్గిపోతుంది. ఆ అరగంట కూర్చున్నచోటే కూర్చుంటే కోరిక మనిషిని ముంచేస్తుంది. లేచి నడిస్తే అల దాటిపోతుంది. నడక వల్ల నిద్ర బాగా పడుతుంది, దిగులు తగ్గుతుంది, గుండెకు మేలు. వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు వేగంతో నడవడం వంటి వ్యాయామం పెద్దవారందరికీ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే వారానికి అయిదు రోజులు, రోజుకు అరగంట. వ్యాయామం ఒక్కటే తాగుడు మాన్పిస్తుందని పరిశోధనలు రుజువు చేయలేదు. వైద్యం, కుటుంబం, తోటివారి సహాయం వీటికి తోడుగా అది నిలుస్తుంది. మాట్‌కు కూడా నడక ఒక్కటే సరిపోలేదు. ఆ నడక చివర ఒక దేవాలయం ఉంది, పాపసంకీర్తనం వినే గురువు ఉన్నారు, ఇంట్లో తల్లి ఉంది.

భోజనం విషయంలో జాగ్రత్త

ఇప్పుడు కొంచెం కష్టమైన మాట చెప్పుకోవాలి. మాట్ జీవితచరిత్ర చదివినవారికి ఆయన తపస్సు తెలుసు. తర్వాతి సంవత్సరాల్లో ఆయన ఎండు రొట్టె, పాలు లేని కోకో లేదా టీతో సరిపెట్టుకునేవాడు. పలక మీద, చెక్క దిండు పెట్టుకుని పడుకునేవాడు. తపస్సు కాలంలో ఇంకా తక్కువ తినేవాడు. ఇది చదివి, నిన్న మొన్న తాగుడు మానిన మనిషికి కఠిన ఉపవాసం చేయమని సలహా ఇచ్చే భక్తులు మనలో ఉన్నారు. మంచి మనసుతోనే చెబుతారు. కాని ఆ సలహా ప్రమాదం.

మాట్ తపస్సు గురువుల మార్గదర్శకత్వంలో, ఆయనకు దేవుడిచ్చిన ప్రత్యేక పిలుపు. తాగుడు మాన్పించే వైద్యం అది కాదు. శ్రీసభ కూడా అందరినీ అలా ఉండమనలేదు. ఉపవాస నియమం 18 నుండి 59 ఏళ్ళ వరకు ఆరోగ్యంగా ఉన్నవారికే, రోగులకు మినహాయింపు ఉంది. కొత్తగా తాగుడు మానినవాడు రోగి. ఇందులో సందేహం అక్కరలేదు.

ఏలీయా ప్రవక్త సంగతి మీకు తెలుసు. ప్రాణం విసిగిపోయి, ఎడారిలో ఒక చెట్టు కింద పడుకుని చావు కోరుకున్నాడు. దేవదూత వచ్చి ఆయనను గద్దించలేదు, ఉపవాసం చేయమని చెప్పలేదు. తట్టి లేపి కాల్చిన రొట్టె, కూజాడు నీళ్ళు చూపించాడు. ప్రవక్త తిన్నాడు, తాగాడు, మళ్ళీ నిద్రపోయాడు. రెండోసారి లేపి మళ్ళీ తినమన్నాడు. ఆ భోజనం బలంతో ఆయన 40 పగళ్ళు, 40 రాత్రులు హోరెబు కొండ దాకా నడిచాడు. దేవునితో మాట్లాడింది ఆ తర్వాతే. కుంగిపోయిన మనిషికి ముందు నిద్ర, తిండి, నీళ్ళు, తర్వాత నడక. దేవుడు చూపిన వరుస ఇది.

ఏళ్ళ తరబడి తాగినవాడి శరీరంలో ఏం జరుగుతుందో కాస్త తెలుసుకోండి. మద్యం ఆకలి చంపేస్తుంది, కాని శరీరానికి పోషణ ఇవ్వదు. ఆహారంలో ఉన్న బి1 విటమిన్‌ను, అంటే థయమిన్‌ను, పేగులు సరిగా పీల్చుకోకుండా చేస్తుంది. అది తగ్గిపోతే నరాలు దెబ్బతింటాయి, నడక తడబడుతుంది, జ్ఞాపకశక్తి పోతుంది. అందుకే ఆస్పత్రిలో చేరిన తాగుబోతులకు డాక్టర్లు మొదట ఆ విటమిన్ ఇస్తారు. ముడిబియ్యం, దంపుడు బియ్యం, పప్పులు, వేరుశనగ గింజలు, చిక్కుళ్ళు వంటి వాటిలో అది ఉంటుంది. తెల్లగా పాలిష్ పట్టిన బియ్యంలో చాలావరకు తౌడుతోపాటే పోతుంది.

ఇంకొకటి. తిండి లేని కడుపులో మద్యం పడితే రక్తంలో చక్కెర పడిపోవచ్చు. ఒళ్ళు వణుకు, చిరాకు, నీరసం వస్తాయి. మానిన తర్వాత కూడా పూట తప్పితే ఆకలి బాధ తాగాలనే కోరికలాగే అనిపిస్తుంది. అప్పుడు ఆ మనిషికి తన ఒంటికి కావలసింది అన్నమో మద్యమో తేడా తెలియదు. కనుక వేళకు తినిపించండి. ఉదయం ఖాళీ కడుపుతో పనికి పంపవద్దు. ఇడ్లీ, రాగిజావ, ఉడికిన గుడ్డు, ఏది కుదిరితే అది పెట్టండి. మధ్యాహ్నం పప్పు, ఆకుకూర, పెరుగు ఉండేలా చూడండి. సాయంత్రం అయిదు, ఆరు మధ్య చేతిలో వేయించిన శనగలో, వేరుశనగలో, ఒక అరటిపండో ఉండాలి. ఆ వేళే ప్రమాదకరమైన వేళ. మజ్జిగ, నీళ్ళు ధారాళంగా ఇవ్వండి. తాగుడుకు బదులు సిగరెట్లు, రాత్రి పొద్దుపోయేదాకా టీలు మొదలు కాకుండా కనిపెట్టండి. కామెర్లు, కాలేయ జబ్బు, మధుమేహం ఉన్నవారు ఏం తినాలో డాక్టరునే అడగాలి.

అన్నిటికంటే ముఖ్యమైన హెచ్చరిక. రోజూ విపరీతంగా తాగే మనిషి ఒక్కసారిగా మానితే మొదటి రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, మతి భ్రమించవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. దాన్ని దయ్యం పట్టడమని అనుకుని ప్రార్థనలకు మాత్రమే తీసుకెళ్ళవద్దు. ప్రార్థన చేయండి, ఆస్పత్రికీ తీసుకువెళ్ళండి. నడక, భోజనం గురించి పైన చెప్పినవన్నీ ఆ గండం దాటాక.

41 ఏళ్ళు

1884 తర్వాత మాట్ మళ్ళీ మద్యం ముట్టలేదు. పొగాకు కూడా మానేశాడు. పాత అప్పులు ఒక్కొక్కటే తీర్చాడు. ఆ ఫిడేలు మనిషి కోసం నగరమంతా వెతికాడు. దొరకలేదు. అతని పేరట పూజలు చెప్పించాడు. చదువు రానివాడు కూడబలుక్కుని చదవడం నేర్చుకుని, పునీతుల గ్రంథాలు చదివాడు. పునీత ఫ్రాన్సిస్ అస్సీసి మూడవ సభలో చేరాడు. తర్వాత రేవు దగ్గర ఒక కలప అడితిలో కూలిగా పనిచేశాడు. 1913లో డబ్లిన్‌లో యజమానులు వేలాదిమంది కార్మికులను పనిలోకి రానీయకుండా తలుపులు మూసినప్పుడు ఆయన కూడా తోటివారితో బయటే ఉన్నాడు. సంఘం ఇచ్చిన భత్యాన్ని పిల్లలు గలవారికి పంచమన్నాడు. వృద్ధురాలైన తల్లిని 1915లో ఆమె చనిపోయేదాకా దగ్గర ఉంచుకున్నాడు.

అన్నదమ్ములను కూడా తాగుడు మాన్పించాలని చూశాడు, ఫలించలేదు. ఇది కూడా దాచకుండా చెప్పుకోవాలి. పవిత్రుడైన అన్న ఇంట్లో ఉన్నంత మాత్రాన తమ్ముడు మారడు. మీరు ప్రార్థించి, బతిమాలి, అన్నం పెట్టి, అయినా మీవాడు మారకపోతే, ఆ దోషం మీది కాదు.

1923 నుండి గుండె, మూత్రపిండాల జబ్బుతో ఆస్పత్రిలో ఉండి వచ్చాడు. కోలుకుని మళ్ళీ పనికి వెళ్ళాడు. 1925 జూన్ 7, త్రిత్వ పండుగ ఆదివారం. పూజకు నడిచి వెళుతూ గ్రాన్బీ సందులో కుప్పకూలి చనిపోయాడు. ఆస్పత్రిలో బట్టలు తీసినప్పుడు ఒంటికి చుట్టుకున్న గొలుసులు కనబడ్డాయి. ఆ రహస్య తపస్సు సంగతి లోకానికి తెలిసింది అలా. దివ్య సత్ప్రసాద మహోత్సవం నాడు గ్లాస్‌నెవిన్ శ్మశానంలో సమాధి చేశారు. 1972లో ఆయన అవశేషాలను డబ్లిన్‌లోని లూర్దుమాత దేవాలయానికి తరలించారు. 1975లో ఆరవ పౌలు జగద్గురువులు ఆయనను పూజ్యునిగా ప్రకటించారు. 1978లో ఆ నగరంలో లిఫీ నది మీద ఒక వంతెనకు ఆయన పేరు పెట్టారు. ఒకనాడు తాగడానికి పైసా లేక వీధిలో నిలబడినవాని పేరు మీద ఈ రోజు వేలమంది నది దాటుతున్నారు.

ఆయన బతికున్న రోజుల్లో ఆల్కహాలిక్స్ అనానిమస్ లేదు. ఆ సహవాసం అమెరికాలో మొదలయింది 1935లో, మాట్ చనిపోయిన పదేళ్ళకు. ఈనాడు మన దేశంలోనూ అలాంటి బృందాలు, మద్యం మాన్పించే చికిత్సా కేంద్రాలు ఉన్నాయి. మాట్‌కు దొరకని సహాయం మనవారికి దొరుకుతుంది. అడగడానికి సిగ్గుపడవద్దు.

ప్రియ పాఠకులారా, ఈ వారం ఒక పని చేయండి. మీ ఇంట్లోనో, పొరుగింట్లోనో తాగుడు మానడానికి ప్రయత్నిస్తున్నవారు ఉంటే ఉపదేశం చేయవద్దు. సాయంత్రం అయిదున్నరకు ఏదైనా తినడానికి పెట్టండి. ఆరు గంటలకు చెప్పులు వేసుకుని, అలా గుడి దాకా నడిచి వద్దాం రమ్మని పిలవండి. దుకాణం లేని దారి చూసుకోండి. మాట్లాడాలని లేకపోతే జపమాల చెప్పుకుంటూ నడవండి. అరగంట చాలు. 1884లో ఆ శనివారం మాట్‌ను రమ్మని పిలిచినవారు ఒక్కరూ లేరు. మీ ఇంటి మనిషికి ఆ లోటు రానీయకండి. తిరిగి వచ్చాక వేడి అన్నం వడ్డించి, పెందరాళే పడుకోనివ్వండి. మరునాడు ఆరు గంటలకు మళ్ళీ పిలవండి.